చేతి గడియారము – ప్రామాణ్య పరీక్ష



మన యిండ్లలో పాత పెట్టె యొకటి తెఱచినచో, అడుగున మెత్తని పంచె ముక్కలో చుట్టి దాచిన చేతి గడియారము తఱచుగా కనబడుచుండును. అది తాతగారిదనియో మేనమామగారిదనియో పెద్దలు చెప్పుదురు. పట్టీ తెగి, అద్దము మసకవాఱి, ముల్లులు ఏనాడో నిలిచిపోయి యుండును. దానిని చేతబట్టినవారికి రెండు ప్రశ్నలు పుట్టుట సహజము. ఇది ఏ కాలమున ఎవరిచేత చేయబడినది? ఇది మొదటి ప్రశ్న. ఇందలి డయలు, ముల్లులు, యంత్రము, కేసు అన్నియు ఒక్కచోట కూడి పుట్టినవేనా, లేక నడుమ ఎవరైన మార్చిరా? ఇది రెండవ ప్రశ్న. మొదటిది జాతినిర్ణయము, రెండవది ప్రామాణ్యనిర్ణయము. నేటి ప్రసంగమునకు ఈ రెండే విషయములు.

కావ్యములు చెప్పుకొనవలసిన పండితునకు గడియారములతో పనియేమి యని మీరడుగవచ్చును. నా పొరపాటే నన్నీ త్రోవకు తెచ్చినది. మా తండ్రిగారికి ఒక జనతా గడియారముండెను. 1968లో తమ జీతములో నెలనెలా కొంత మిగిల్చి వారు దానిని కొనిరి. ప్రతి ఉదయము సంధ్యావందనమైన పిమ్మట దానికి కీ ఇచ్చుట వారికి నియమము. వారు గతించిన తరువాత ఆ గడియారమును గౌరవింపవలెనను తలంపుతో నేను దానిని బాగుచేయువాని కిచ్చి, “క్రొత్తదానివలె చేసి యిమ్ము” అంటిని. అతడు నేను చెప్పినట్లే చేసెను. కొంచెము పసుపువాఱిన తెల్లని డయలును గీకి, నీలిరంగు పూసి, దానిపై క్రొత్తగా అక్షరములు వేయించి, ముల్లులు మార్చి, మెఱుగుపెట్టి తెచ్చి యిచ్చెను. నేను సంతోషముతో దానిని మా తల్లిగారి చేతిలో పెట్టితిని. వారు అటునిటు త్రిప్పి చూచి, “ఇది ఎవరి గడియారమురా?” అని యడిగిరి.

ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను. బాగుచేసినవానిని నేను నిందింపను; అడిగినది నేను. కాని ఆనాటినుండి, ఒక గడియారము ‘అదే’ యని చెప్పుటకు ఆధారమేమి యను విచారణ నన్ను విడువలేదు. ఆ విచారణలో నాకు తెలిసివచ్చిన సంగతులను మీకు విన్నవించుచున్నాను.

శాస్త్రమభ్యసించువారు మొదట లక్షణము స్పష్టముగా చెప్పబడిన లక్ష్యమును గ్రహింతురు. పద్యలక్షణము తెలిసినవానికి యతి తప్పినచోటు వెంటనే కనబడును. తెలియనివానికి అన్ని పద్యములును ఒకటే. గడియారములలోగూడ, ఇట్లుండవలెనని ముందుగా లక్షణము వ్రాసి, ఆ లక్షణము ప్రకారము చేయించినవి కొన్ని గలవు. 1945 ప్రాంతమున బ్రిటిష్ సైన్యమునకై చేయబడిన పండ్రెండు సంస్థల గడియారములు అట్టివి. మా యింటి జనతాకు వచ్చుటకు ముందు వాటిని చూతము. అక్కడ నేర్చినది ఇక్కడ పనికివచ్చును.

చేతి గడియారము పురుషులకు వేడుకగా వచ్చిన వస్తువు కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా ఖండములో అది స్త్రీల ఆభరణముగా నెంచబడెను. పురుషులు గొలుసు తగిలించిన గడియారమును జేబులో నుంచుకొనెడివారు. దక్షిణాఫ్రికాలో 1899 మొదలు 1902 వఱకు జరిగిన బోయరు యుద్ధమున, కొందఱు సైనికులు జేబుగడియారమునే తోలుతొడుగులో బిగించి మణికట్టునకు కట్టుకొనిరి. రెండు చేతులకును పనియున్నవాడు జేబులో చేయి పెట్టి గడియారము తీయజాలడు గదా.

1914లో మొదలైన మహాయుద్ధము ఈ అవసరమును పదింతలు చేసెను. ఫిరంగుల గుండ్లు నిర్ణీతమైన నిమిషములకు కొంతకొంతగా ముందునకు జరుగుచుండగా, పదాతిసైన్యము ఆ వెనువెంటనే నడువవలెను. ఒక నిమిషము ముందు కదలినవారు తమ గుండ్లకే బలియగుదురు. ఒక నిమిషము ఆలసించినవారు శత్రువు తేఱుకొన్న పిమ్మట చేరుదురు. కనుక అధికారులందఱి గడియారములు ఏకముగా నడువవలసి వచ్చెను. కందకములలో చీకటి. చీకటిలో కనబడుటకై అంకెలపైనను ముల్లులపైనను రేడియము కలిసిన పూత పూసిరి. రేడియమును క్యూరీ దంపతులు 1898లో కనుగొనిరి. ఆ పూత పూసిన పనికత్తెలు కుంచెమొనను పెదవులతో సన్నము చేసికొనుచు, రేడియమును లోనికి మ్రింగి, ఎముకల వ్యాధులపాలైరి. అమెరికాలోని న్యూజెర్సీలో అట్టి స్త్రీలు 1920 తరువాతి దశాబ్దమున న్యాయస్థానమున కెక్కిరి. పాత గడియారపు ముఖము చూచునప్పుడు ఈ కథయు మనము మఱవరాదు.

ఇక రెండవ మహాయుద్ధము. ఆ కాలమున బ్రిటిష్ ప్రభుత్వము సైన్యమునకు తగిన గడియారమెట్లుండవలెనో లక్షణము నిర్ణయించెను. డయలు నల్లగా నుండవలెను. అంకెలు తెల్లగా స్పష్టముగా నుండవలెను. సెకండ్ల ముల్లు ఆఱవ అంకె యొద్ద చిన్న వలయములో తిరుగవలెను. గంటల ముల్లు, నిమిషముల ముల్లు చీకటిలో వెలుగవలెను. డయలు అంచున నిమిషముల గీతలు రైలుపట్టాల వలె జంటరేఖల నడుమ నుండవలెను. అద్దము పగిలి చెదరనిది కావలెను. కేసులోనికి నీరు చొరరాదు. యంత్రములో పదునైదు రాళ్ళుండవలెను; రాళ్ళనగా ఇరుసులు అరుగకుండ అమర్చు కృత్రిమపు కెంపులు. గడియారమును పలువిధములుగా నిలిపియు పరుండబెట్టియు పరీక్షించి సరిచేయవలెను.

ఈ లక్షణమునకు సరిపోవు గడియారములను తటస్థదేశమైన స్విట్జర్లాండునుండి తెప్పించిరి. పండ్రెండు పేర్లతో నవి వచ్చెను: బ్యూరెన్, సైమా, ఎటెర్నా, గ్రానా, ఇంటర్నేషనల్ వాచ్ కంపెనీ, జేగర్ లెకూల్ట్ర్, లెమానియా, లాంజీన్స్, ఒమేగా, రికార్డ్, టిమోర్, వెర్టెక్స్. మొత్తము సుమారు లక్షన్నర యని అంచనా. వీనిలో పెక్కు 1945లో చేరెను. అప్పటికి యుద్ధము ముగింపునకు వచ్చినది. 1967లో వచ్చిన యొక ఆంగ్ల చలనచిత్రమును బట్టి సేకర్తలు వీనికి ‘డర్టీ డజన్’ అను ముద్దుపేరు పెట్టిరి. మనము ద్వాదశమని పిలుచుకొనిన చాలును.

వీని వెనుక మూతపై మూడు ‘డబ్ల్యూ’ అక్షరములు వరుసగా నుండును. అవి వాచ్, రిస్ట్, వాటర్‌ప్రూఫ్ అను మూడు మాటలకు మొదటి అక్షరములు. గడియారము, మణికట్టుది, నీరు చొరనిది యని దాని యర్థము. సైన్యపు పట్టికలలో ముందు వస్తువు పేరు, పిదప విశేషణములు వ్రాయుట వారి సంప్రదాయము. ఆ అక్షరములతో బాటు మూడు గీతల బాణపు గుర్తు ఉండును. అది బ్రిటిష్ ప్రభుత్వపు సొత్తనుటకు చిరకాలముగా వాడబడుచున్న ముద్ర. ఈ బాణము డయలుమీదను గలదు.

లక్షణము తెలిసినది. ఇక పరీక్ష. మన న్యాయశాస్త్రము ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములు నాలుగు చెప్పినది. గడియారపు విషయమునను ఈ నాలుగే చాలునని నా అనుభవము.

మొదటిది ప్రత్యక్షము. గడియారమును బోర్లించి వెనుక మూత చూడవలెను. మూడు డబ్ల్యూలు, బాణపు గుర్తుగాక, ఒక అక్షరముతో మొదలగు సైనికసంఖ్యయు, తయారుచేసినవారి వరుససంఖ్యయు అక్కడ నుండును. సైనికసంఖ్య ముందున్న అక్షరము సంస్థకు సంకేతము. ఒమేగాకు ‘వై’, వెర్టెక్స్‌కు ‘ఏ’, ఇంటర్నేషనల్ వాచ్ కంపెనీకి ‘ఎమ్’. డయలుపై ఒమేగా యనియు వెనుక ‘ఏ’ యనియు ఉన్నచో, రెండు గడియారములను విప్పి ఒకటిగా కూర్చిరని తెలియును. కేసుల ఆకారములును వేఱువేఱు. లాంజీన్స్ కేసు అన్నిటికంటె వెడల్పు, సుమారు 38 మిల్లీమీటర్లు. పెక్కింటి మూత మరత్రిప్పి బిగించునది; ఇంటర్నేషనల్ వాచ్ కంపెనీవారి మూత నొక్కి బిగించునది.

పిదప మూత తీయించి యంత్రమును చూడవలెను. ఇది నేర్పరి చేతిమీదుగా జరుగవలసిన పని. ఒమేగాలో ‘30 టి 2’ అను యంత్రముండవలెను. ఆ ముప్పది యంత్రపు వెడల్పును మిల్లీమీటర్లలో చెప్పును. లాంజీన్స్‌లో ‘12.68 జడ్’ ఉండవలెను. ఆ పండ్రెండు ‘లీన్యు’ అను పాత ఫ్రెంచి కొలత. ఒక లీన్యు రెండుంబావు మిల్లీమీటర్ల కించుక యెక్కువ. ఇంటర్నేషనల్ వాచ్ కంపెనీలో 83వ సంఖ్య యంత్రము, జేగర్ లెకూల్ట్ర్‌లో 479వ సంఖ్య యంత్రము ఉండవలెను. యంత్రముపై వరుససంఖ్యయున్నచో అదియు కాలమును చెప్పును. ఒమేగా యంత్రముల సంఖ్య 1944 ప్రాంతమున కోటికి చేరెను. సైనికపు ఒమేగా యని చూపినదానిలో ఆ కోటికి ఎంతో ముందుగాని ఎంతో వెనుకగాని సంఖ్యయున్నచో సందేహింపవలెను.

రెండవది అనుమానము. పొగను చూచి నిప్పును ఊహించినట్లు, కనబడినదానిని బట్టి కనబడనిదానిని తెలిసికొనుట. గడియారము తన జీవితమును తన ఒంటిమీదనే వ్రాసికొనును. కేసు అంచులు అరిగి గుండ్రనైనచో, కీ పళ్ళు అరిగినచో, మూతమీది అక్షరములు సగము మాసినచో, డయలు మాత్రము నిన్న అచ్చైన కాగితమువలె మెఱయుట పొసగదు. ఒకే యెండలో ఒకే వానలో తిరిగినవాని మొగము చేతులకంటె పిన్నవయసులో ఉండునా?

రేడియపు పూత ఈ అనుమానమునకు గొప్ప సాధనము. రేడియము సగమునకు తఱుగుటకు 1,600 సంవత్సరములు పట్టును. కాని వెలుగునది రేడియము కాదు. దానితో కలిపిన జింకు సల్ఫైడు. రేడియపు కిరణముల దెబ్బకు అది కొన్ని దశాబ్దములలోనే చెడిపోవును. కనుక 1945 నాటి పూత నేడు చీకటిలో వెలుగదు. విషము మాత్రము అందులో నిలిచియే యుండును. గైగర్ యంత్రము నొద్దకు తెచ్చిన అది టకటకలాడును. డయలు చీకటిగదిలో చాలసేపు పచ్చగా వెలుగుచున్నచో అది క్రొత్త పూత యని తెలియును. మఱియు అంకెల పూత ఇటుకరంగునకు తిరిగియుండగా ముల్లుల పూత పాలవలె నున్నచో, ముల్లులు తరువాత వచ్చినవని తెలియును. కొన్ని డయళ్ళపై, ముల్లులు చాలకాలము నిలిచిన చోట గోధుమరంగు నీడ పడియుండును. రేడియము ఆ రంగును కాల్చిన గుర్తది. చూచుటకు మచ్చ, విచారించిన సాక్షి. ఇట్టి గడియారమును ఇంటిలో విప్పుట, పూతను గోకుట, ఆ దుమ్ము పీల్చుట ప్రమాదకరము. ఈ హెచ్చరికను శ్రోతలు మనసున నుంచుకొనవలెను.

మూడవది ఉపమానము. ఆవును పోలిన మృగము గవయమని విన్నవాడు అడవిలో దానిని చూచి గుర్తించినట్లు, నిశ్చయముగా మంచిదని తెలిసిన గడియారముతో సందేహమున్నదానిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుట. అంకెల వంపులు, గీతల మందము, పేరులోని అక్షరముల మధ్యదూరము పోల్చవలెను. ఇక్కడ నొక జాగ్రత్త గలదు. ఒక్క ప్రతిని చూచి పాఠము నిర్ణయింపరాదు. సి. పి. బ్రౌను దొరగారు తెనుగు గ్రంథములను పరిష్కరింపించినప్పుడు ఒక్కొక్క గ్రంథమునకు అనేకమైన వ్రాతప్రతులను తెప్పించి, పండితులచే పోల్చి చూపించెడివారు. ఒక సంస్థవారి డయళ్ళలో సయితము అచ్చువేసినవారిని బట్టి చిన్న భేదములుండును. ఒకదానితో కలియలేదని దోషమెంచుట తొందరపాటు. ఏ ఒక్కదానితోను కలియలేదన్నచో అప్పుడు సందేహము న్యాయము.

నాలుగవది శబ్దము, అనగా ఆప్తవాక్యము. లాంజీన్స్ వారు స్విట్జర్లాండులోని సాంతిమ్యే గ్రామమున తమ పాత పద్దుపుస్తకములను భద్రపఱచిరి. యంత్రసంఖ్య చెప్పినచో అది ఎప్పుడు ఎవరికి పంపబడినదో అందు చూచి చెప్పవచ్చును. ఇది మిక్కిలి విలువైన ప్రమాణము. అయినను దానికొక హద్దు గలదు. ఆనాడు ఏమి బయలుదేఱినదో పద్దు చెప్పును. ఈనాడు మన చేతిలోనున్న డయలు ఆనాటిదేనా యని చెప్పదు. ఇక అమ్మువాని మాట ఎన్నడును ఆప్తవాక్యము కాదు. యథార్థము తెలిసి, లాభాపేక్ష లేక చెప్పువాడే ఆప్తుడు. అమ్ముడుపోయినచో లాభము పొందువాడు సజ్జనుడే కావచ్చును; ఆ యొక్క విషయమున సాక్షి మాత్రము కాజాలడు.

ఇట్లు నాలుగు ప్రమాణములు చేతనున్నను పొరపడు చోటులు రెండు గలవు. హేతువువలె కనబడి హేతువు కానిదానిని మనవారు హేత్వాభాసమనిరి.

మొదటిది పేరు భేదము. వెర్టెక్స్ లండనులోని సంస్థ. దాని గడియారపు మూత తీసినచో లోపల స్విట్జర్లాండులో రెవ్యూ వారు చేసిన 59వ సంఖ్య యంత్రము కనబడును. డయలుపై ఒక పేరు, లోపల మఱియొకరి పని. దీనిని చూచి మోసమనుట తగదు. ఒకరు యంత్రము చేయగా వేఱొకరు తమ పేరుతో అమ్ముట ఆ వృత్తిలో బహిరంగమైన ఆచారము. ఆ యంత్రమే ఆ గడియారమునకు పుట్టుకతో వచ్చినది.

రెండవది డయలు మార్పు. ఇది సూక్ష్మమైనది. యుద్ధానంతరము ఈ గడియారములు చాలకాలము సైన్యపు వాడుకలో నుండెను. రేడియపు అపాయము తెలిసిన తరువాత సైన్యపు కర్మశాలలలోనే కొన్నింటి పాత డయళ్ళు తీసివేసి, ట్రిటియమను తక్కువ అపాయముగల పూతతో క్రొత్త డయళ్ళు వేసిరి. అట్టివానిపై కొన్నిట తయారుచేసినవారి పేరే ఉండదు. బాణపు గుర్తు, సైనికసంఖ్య మాత్రముండును. లక్షణము ప్రకారము చూచినచో ఇది 1945 నాటి డయలు కాదు. కాని అబద్ధమా? కాదు. సైన్యము తన పనికొఱకు బాహాటముగా చేసికొన్న మార్పది. అదియు ఆ గడియారపు చరిత్రలో నొక అధ్యాయమే.

మన భారతము నొకసారి తలంపుడు. నన్నయభట్టు అరణ్యపర్వమును ముగింపకయే నిలిచిపోయెను. తరువాత ఎఱ్ఱన ఆ శేషమును పూరించి, రాజరాజనరేంద్రునకే అంకితము చేసెను. నన్నయ నడకను గౌరవించెను; అయినను తాను చేసినది తానే చేసితినని చెప్పుకొనెను. దానిని మనము పూరణమందుము, ఎవరును దోషమనరు. అట్లుగాక, పేరుచెప్పని లేఖకుడొకడు తన పద్యములను నడుమ చొప్పించి మూలకవివేయని నమ్మించినచో దానిని ప్రక్షిప్తమందుము. రెండును తరువాత చేరినవే. భేదమెక్కడ? ఒకటి తన్ను తాను చెప్పుకొనుచున్నది. రెండవది తన్ను దాచుకొనుచున్నది.

గడియారములలోనున్న ప్రక్షిప్తమునకు ఉదాహరణము గ్రానా. అది గ్రెంచెన్ పట్టణమున కుర్త్ సోదరుల సంస్థ చేసినది. తరువాత సెర్టీనా యను పేరుతో ప్రసిద్ధమైనది ఆ సంస్థయే. పండ్రెండింటిలో అన్నిటికంటె తక్కువగా వచ్చినది గ్రానా. వేయి మొదలు పదునైదు వందల వఱకు నుండునని సేకర్తల అంచనా. ఒమేగాలు ఇరువదియైదు వేలవఱకని చెప్పుదురు. పండ్రెండును కూర్చవలెనని పట్టుపట్టినవారికి చివఱకు మిగులునది గ్రానాయే. కనుక దాని వెలయును ఎక్కువ. దానికి జరుగు మోసమును ఎక్కువ. సామాన్యమైన కేసునకు గ్రానా పేరు అచ్చువేసిన డయలు తగిలించి అమ్మువారు గలరు. అట్టిచోట లోపల ‘కె. ఎఫ్. 320’ అను గ్రానా యంత్రమున్నదా, కేసు ఆకారము గ్రానాదేనా, వెనుకనున్న సంఖ్య దానితో పొసగుచున్నదా యని చూడవలెను. అన్నియు ఒక్కమాట చెప్పవలెను. ఒక్క సాక్షి తడబడినను తీర్పు నిలుపవలెను.

కనుక పాత గడియారమునందు మూడు విధములు గలవు. పుట్టినది పుట్టినట్లున్నది మొదటిది, అది సహజము. పనికొఱకు మార్చబడి, ఆ మార్పును దాచనిది రెండవది, అది పూరణము. మార్చబడి, మార్పును దాచునది మూడవది, అది ప్రక్షిప్తము. మనలో పలువురు క్రొత్తది మంచిది, పాతది చెడ్డది యని రెండే తెగలు చేయుదురు. ఆ విభాగము తప్పు. గీతలు పడుట దోషము కాదు. పసుపువాఱుట దోషము కాదు. అబద్ధమాడుటయే దోషము.

ఇక మా యింటి గడియారమునకు వత్తును. హిందూస్థాన్ మెషిన్ టూల్స్ అను ప్రభుత్వ సంస్థ 1953లో బెంగుళూరున స్థాపింపబడెను. జపాను దేశపు సిటిజన్ వారి సహకారముతో అక్కడ గడియారముల తయారీ మొదలుకాగా, 1961లో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ మొదటి గడియారములను విడుదల చేసెను. అంతకు ముందు మంచి చేతి గడియారమనగా విదేశపు సరకే. పదునేడు రాళ్ళు గలిగి, చేతితో కీ ఇచ్చుకొను జనతా గడియారము గుమాస్తాలకును, బడిపంతుళ్ళకును అందుబాటులోనికి వచ్చెను. హెచ్. ఎమ్. టి. వాచెస్ సంస్థను మూసివేయుటకు కేంద్రప్రభుత్వము 2016లో నిర్ణయించెను. ఆ తరువాత పాత గడియారములపై మోజు హెచ్చెను. మోజు హెచ్చినకొలది రంగులు పూసిన డయళ్ళును హెచ్చెను.

జనతాకు బ్రిటిష్ సైన్యపు పట్టికవంటి లక్షణము మన చేతిలో లేదు. అయినను ఆ నాలుగు ప్రమాణములే పనిచేయును. భూతద్దముతో డయలు చూడుడు. కర్మాగారపు అచ్చులో అక్షరపు అంచులు కత్తితో కోసినట్లుండును. తరువాత పూసినదానిలో అక్షరములు లావెక్కి, ఒకదానిలోని కొకటి ఒఱగియుండును. నిమిషపు గీతలు అంకెల గుర్తులకు నేరుగా నుండక ప్రక్కకు జరిగియుండును. రంగు డయలు అంచుమీదికి పొర్లియుండును. కొన్నిట కర్మాగారమెన్నడును వేయని రంగులును, వ్రాయని మాటలును కనబడును. మా తండ్రిగారి డయలుపై నేను వేయించిన అక్షరములలో ఈ దోషములన్నియు నేడు నాకు కనబడుచున్నవి. ఆనాడు కనబడలేదు, మెఱుపు మాత్రమే కనబడెను.

కనుక శ్రోతలకు నా మనవి. ఇంటిలో పాత గడియారమున్నచో మొదట ఏమియు చేయకుడు. ఉన్నదున్నట్లు ముందును వెనుకను ఫొటో తీయించుడు. మూతమీది అక్షరములు, సంఖ్యలు కాగితముపై వ్రాసికొనుడు. నడవవలెనన్నచో నేర్పరికిచ్చి యంత్రమును శుభ్రపఱపించి నూనె వేయింపుడు. అది వైద్యమువంటిది, తప్పులేదు. డయలును మాత్రము తాకవలదని స్పష్టముగా చెప్పుడు. ఏ భాగమైన మార్చక తప్పనిచో పాత భాగమును తిరిగి అడిగి తీసికొని, చిన్న సంచిలో వేసి గడియారముతోనే యుంచుడు. నేను ఆ పని చేయలేదు. మా తండ్రిగారి ముల్లులు ఏ చెత్తబుట్టలో కలిసినవో!

కొనువారికి మఱియొక మాట. పేరు చూచి తొందరపడకుడు. మూత తీసి చూపనివానియొద్ద కొనకుడు. డయలు, ముల్లులు, యంత్రము, కేసు నలుగురు సాక్షులని భావించి, ఒక్కొక్కరిని వేఱుగా అడిగి, నలుగురి మాటయు కలిసినప్పుడే సొమ్ము చెల్లింపుడు.

ఇటీవల నేను ఆ జనతా గడియారమును మఱియొక వృద్ధుడైన పనివానియొద్దకు తీసికొనిపోయి మూత తీయించితిని. యంత్రము పాతదే. పదునేడు రాళ్ళును చెక్కుచెదరలేదు. మూత వెనుక మా తండ్రిగారి మణికట్టు చెమటకు అరిగిన చాయ అట్లే యున్నది. మెఱుగుపెట్టినవాని చేయి అచటికి పోలేదు కాబోలును. ఇంటికి వచ్చి ఒక కాగితముపై, ‘యంత్రము, వెనుక మూత మా తండ్రిగారివి, డయలు, ముల్లులు నేను మార్పించినవి’ యని వ్రాసి, సంవత్సరము వేసి, సంతకము చేసి గడియారముతో నుంచితిని. పోయినదానిని తేలేను. కాని ప్రక్షిప్తమైనదానిని కనీసము పూరణముగా చేయవచ్చునని తోచెను.

ఆ కాగితమును మా తల్లిగారికి చదివి వినిపించితిని. వారు కొంతసేపు ఊరకుండి, “యంత్రము వారిదేనా? అయితే కీ ఇమ్ము” అనిరి.

ఇచ్చితిని. నడచుచున్నది. సెలవు.